బతూల్ మెటికల లెక్క

టప్. టప్. టప్.

ఉస్తాద్ బెన్నిస్ నల్లబల్ల మీద అస్థిపంజరం బొమ్మ గీస్తున్నవారల్లా ఆగిపోయారు. బొమ్మ మోచేయి దాకా వచ్చిన చాక్‌పీసు అక్కడే నిలిచిపోయింది.

"ఎవరది?" అన్నారు వెనక్కి తిరక్కుండానే.

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆరో తరగతిలో అంత గట్టిగా మెటికలు విరిచేది ఒక్కర్తే.

"బతూల్!"

"నేనే, ఉస్తాద్," అంటూ బతూల్ లేచి నిలబడింది. లేచేలోపు మిగిలిన చిటికెన వేలు కూడా టప్‌మంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నవ్వులాట కాదు," అన్నారు ఉస్తాద్. "మెటికలు విరిచే వేళ్ళు పెద్దయ్యాక అల్లం కొమ్ముల్లా వంకర్లు పోతాయి. కీళ్ళు అరిగిపోతాయి. చెంచా పట్టుకోవడానికి కూడా పనికిరావు."

"ఎవరు చెప్పారు ఉస్తాద్?"

తలలన్నీ బతూల్ వైపు తిరిగాయి. ఉస్తాద్‌ను అలా ఎదురు ప్రశ్నించేవాళ్ళు ఆ బడిలో లేరు.

"ఎవరు చెప్పడమేంటి? అందరూ చెబుతారు."

"మా అమ్మ చెప్పదు."

వెనక బెంచీలోంచి జుబైర్ గొంతు వినిపించింది. "వాళ్ళమ్మ ఎందుకు చెబుతుంది ఉస్తాద్! ఆవిడ పనే ఎముకలు విరవడం కదా!"

ఈసారి తరగతంతా పగలబడి నవ్వింది.

బతూల్ వాళ్ళమ్మ రకియ, కింది సందులోని హమ్మామ్‌లో, అంటే ఊరి వేడినీళ్ళ స్నానశాలలో పనిచేస్తుంది. వారానికోసారి స్నానానికొచ్చే ఆడవాళ్ళకు నల్ల సబ్బు పట్టించి వీపులు రుద్దుతుంది. రుద్దడం అయ్యాక చేతులు లాగి, భుజాలు తిప్పి, నడుం సాగదీస్తుంది. అప్పుడు వాళ్ళ ఒళ్ళు టపటపమంటుంది. "నీ చేతులు చల్లగుండ, రకియా!" అని దీవిస్తూ పోతారు. ఆ సంగతి సెఫ్రూ ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ నవ్వుతున్నారే అని బతూల్‌కు చెవులు వేడెక్కాయి.

"మా అమ్మ ఎవరి ఎముకా విరవలేదు," అంది జుబైర్ వైపు తిరిగి. "పోయిన నెల మీ నానమ్మ నడుం పట్టేసి వంగిపోయి వచ్చింది. నిటారుగా నడిచి ఇంటికెళ్ళింది. వెళ్ళి అడుగు!"

ఉస్తాద్ బల్ల మీద తట్టారు. "చాలు. బతూల్, నేను చెప్పింది తప్పంటావు. అంతేనా?"

పక్కన కూర్చున్న స్నేహితురాలు నుహైలా బతూల్ గౌను పట్టుకుని లాగింది. ఊరుకోవే అని దానర్థం. బతూల్ ఆ చేతిని విదిలించుకుంది.

"అంతే, ఉస్తాద్."

"అయితే తప్పని చూపించు. వచ్చే గురువారం పది నిమిషాలు ఈ బల్ల నీది. చూపించలేకపోతే నా తరగతిలో మళ్ళీ మెటిక చప్పుడు వినపడకూడదు."

"చూపిస్తే?"

ఉస్తాద్ ఆమెను కళ్ళద్దాల మీదుగా చూశారు. కోపంగా ఉన్నారో, నవ్వు ఆపుకుంటున్నారో తెలియలేదు. "చూపిస్తే, నేను తప్పు చెప్పానని ఈ బల్ల మీద నా చేత్తో రాస్తాను."

* * *

"నీకు పిచ్చి పట్టిందే," అంది నుహైలా ఇంటికి పోయే దారిలో. "ఉస్తాద్‌తోనా పంతం?"

"పంతం కాదు. నిజం."

"నిజమని నీకెలా తెలుసు?"

నిజమే, ఎలా తెలుసు? అమ్మ చేతుల కింద టప్‌మన్నవాళ్ళంతా నవ్వుతూ ఇంటికెళ్ళారు. అంతకు మించి ఆమెకేమీ తెలియదు.

"తెలుసుకుంటాను," అంది.

ఆదివారం హమ్మామ్ కిటకిటలాడుతోంది. జనవరి చలికి ఊళ్ళోని ఆడవాళ్ళందరికీ వేడినీళ్ళు ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. లోపలంతా ఆవిరి. బకెట్ల చప్పుడు, చంటిపిల్లల ఏడుపు, పెద్దవాళ్ళ కబుర్లు.

మామూలుగా బతూల్ అమ్మకు నీళ్ళు అందిస్తుంది. ఆ రోజు ముసలమ్మల వెంట పడింది.

"అవ్వా, నువ్వు మెటికలు విరుస్తావా?"

"ఎందుకే?"

"చెప్పవ్వా. నీ వేళ్ళు ఒకసారి చూపించు."

లల్లా యామ్నాకు ఎనభై దాటాయి. "నీ అంతప్పట్నుంచీ విరుస్తున్నానే," అంది. బతూల్ ముక్కు ముందే పదివేళ్ళూ టపటపలాడించింది. సన్నగా, తిన్నగా ఉన్నాయి ఆ వేళ్ళు. "ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కించుకుంటా. నా కోడలికి కనపడదు."

ఆ పక్కన కూర్చున్న ముసలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మెటికా విరవలేదట. ఆమె వేళ్ళ కణుపులు వాచి, నిజంగానే అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

"భలే!" అని ఎగిరి గంతేసింది బతూల్.

"నా వేళ్ళు వంకరపోతే నీకంత సంబరమేంటే, గాడిదా?" అంది ఆ ముసలమ్మ. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. బతూల్ నాలుక కరుచుకుని, ఆవిడకు రెండు బకెట్ల వేణ్ణీళ్ళు తెచ్చిపెట్టింది.

ఇద్దరినో ముగ్గురినో అడగడం, బట్టలు మార్చుకునే గదిలోకి పరుగెత్తి నోట్‌బుక్కులో రాసుకోవడం. పేజీ మీద తడిచేతుల మరకలు పడ్డాయి. సాయంత్రానికి ఇరవై రెండు మంది తేలారు. మెటికలు విరిచేవాళ్ళు పదమూడు మంది, వాళ్ళలో వేళ్ళ నొప్పులున్నవాళ్ళు నలుగురు. విరవనివాళ్ళు తొమ్మిది మంది, వాళ్ళలో నొప్పులున్నవాళ్ళు ముగ్గురు. రెండు పక్కలా దాదాపు మూడోవంతే.

బతూల్ ఆ లెక్క రెండుసార్లు చేసుకుంది. రెండుసార్లూ అంతే వచ్చింది.

ఆఖర్న డాక్టర్ నజాత్ వచ్చింది. ఊరి దవాఖానాలో డాక్టరమ్మ. హమ్మామ్‌లో మాత్రం అందరిలాగే నేల మీద కూర్చుని, రకియకు వీపు అప్పగించి కళ్ళు మూసుకుంటుంది.

"డాక్టరమ్మా, మెటిక విరిస్తే చప్పుడెందుకొస్తుంది? ఎముక విరుగుతుందా?"

"ఆమెను కాసేపు వదిలెయ్యవే," అంది రకియ.

"అడగనివ్వు రకియా." డాక్టర్ నజాత్ ఒక కన్ను తెరిచింది. పక్కనున్న ప్లాస్టిక్ గిన్నెను తడినేల మీద బోర్లించి గట్టిగా అదిమింది. "ఇప్పుడు దీన్ని లాగు."

బతూల్ లాగింది. గిన్నె రాలేదు. ఇంకాస్త బలంగా లాగింది. టప్ అంటూ ఊడొచ్చింది.

"ఎక్కడైనా విరిగిందా?"

"లేదు."

"కీలు కూడా ఇంచుమించు అలాంటిదే. రెండు ఎముకలు కలిసేచోట గుడ్డు తెల్లసొనలాంటి జిగురునీళ్ళుంటాయి. వేలు లాగితే ఆ రెండింటి మధ్య చోటు పెరుగుతుంది. అప్పుడు ఆ నీళ్ళలో కరిగున్న గాలి బుడగ కడుతుంది. ఆ బుడగ తెచ్చే చప్పుడే టప్. ఆ గాలి మళ్ళీ నీళ్ళలో కలవాలంటే ఇరవై నిమిషాలైనా పడుతుంది."

"అందుకేనా, ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్ళీ టప్‌మనదు?"

"అందుకే."

"మరి కీళ్ళు అరిగిపోవా?"

"ఏళ్ళ తరబడి విరిచినవాళ్ళను డాక్టర్లు చూశారు. కీళ్ళవాతం వాళ్ళకేం ఎక్కువగా రాలేదు. నొప్పి లేనప్పుడు ఆ చప్పుడు వట్టి చప్పుడే. అయితే బతూల్, ఒక్క మాట. వేరేవాళ్ళ..."

బతూల్ అక్కడ లేదు. గుమ్మం దగ్గర చెక్కతలుపు ధడేల్మంది.

"తడినేల మీద పరుగెత్తకే!" అని అరిచింది రకియ.

డాక్టర్ నజాత్ నిట్టూర్చింది. "మీ అమ్మాయి సగం విని పారిపోయింది రకియా."

"దానికి కావలసిన సగం దొరికిందిగా, ఇక ఆగదు," అంది రకియ.

* * *

మంగళవారం బడి వసారాలో జుబైర్ ఎదురయ్యాడు. బతూల్ ఊరుకోలేక లెక్కంతా చెప్పేసింది.

జుబైర్ పెదవి విరిచాడు. "ముసలమ్మల లెక్క ఎవరికి కావాలి? గురువారం నీ వేళ్ళు విరిచి చూపిస్తావు, అంతేగా? నీ వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. దమ్ముంటే అలవాటు లేనివాళ్ళ వేలు విరిచి చూపించు. అప్పుడు ఒప్పుకుంటా."

"చూపిస్తా!" అంది బతూల్.

బుధవారం సాయంత్రం ఆమె నుహైలా వాళ్ళ డాబా మీద ఉంది. తాళ్ళ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. నుహైలా చేతులు వెనక్కి దాచుకుంది.

"నేను ఎప్పుడూ విరుచుకోలేదే."

"అందుకేగా నువ్వు కావాలి! ఒక్క వేలు చాలు. ఈరోజు సాధన చేస్తే రేపు బల్ల దగ్గర టప్‌మనిపించొచ్చు. జుబైర్ మొహం చూడాలి అప్పుడు!"

నుహైలా మెట్ల వైపు ఓసారి చూసింది. తర్వాత కుడిచేయి చాచింది. తరగతిలో అందరికన్నా అందమైన దస్తూరీ ఆ చేతిదే.

బతూల్ ఆమె మధ్యవేలు పట్టుకుని లాగింది. చప్పుడు రాలేదు. ఇంకా లాగింది. రాలేదు.

"నొప్పి పుడుతోందే," అంది నుహైలా.

"ఒక్క నిమిషం. వదులుగా పెట్టు."

"బతూల్, నొప్పి!"

"వచ్చేస్తోంది, ఒక్క నిమిషం ఓర్చుకో!" బతూల్ వేలిని పక్కకు మెలిపెట్టి బలంగా లాగింది.

నుహైలా కెవ్వుమంది.

టప్‌మన్న చప్పుడు మాత్రం రాలేదు. నుహైలా వేలిని గుప్పిట్లో దాచుకుని నేల మీద కూలబడింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చూస్తుండగానే కణుపు ఎర్రబడి ఉబ్బింది.

"ఏమైందే?" అని కిందనుంచి వాళ్ళమ్మ కేకేసింది.

నుహైలా బతూల్ వైపు చూసింది. బతూల్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"తలుపు!" అంది నుహైలా, ఏడుపు మింగుతూ. "డాబా తలుపులో వేలు పడిందమ్మా!"

వాళ్ళమ్మ మెట్లెక్కి వచ్చింది. తలుపును తిట్టింది, నుహైలా పరధ్యానాన్ని తిట్టింది, వేలికి తడిగుడ్డ చుట్టింది. బతూల్‌ను మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆమె వీపు తట్టి, "నువ్వు ఇంటికెళ్ళమ్మా, చీకటి పడుతోంది," అంది.

దారి పొడుగునా బతూల్ తనతో తానే వాదించుకుంది. మెటిక విరగనే లేదు కదా. చప్పుడే రాలేదు. కాబట్టి మెటికల వల్ల కాదు. నేను చెప్పింది తప్పు కాదు. రేపు చెప్పబోయేది కూడా తప్పు కాదు.

అంతా నిజమే. అయినా తమ ఇంటిని దాటి ముందుకెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఇంట్లో రకియ సూప్ గిన్నె ముందు పెట్టింది. బతూల్ చెంచా తిప్పుతూ కూర్చుంది.

"అమ్మా, నువ్వు చేతులు లాగేటప్పుడు ఎవరైనా 'అబ్బా' అంటే ఏం చేస్తావు?"

"వదిలేస్తా."

"చప్పుడు ఇంకా రాకపోయినా?"

"రాకపోతే పోనీ." రకియ నవ్వింది. "వాళ్ళు చప్పుడు కోసం వస్తారటే? నొప్పి తగ్గుతుందని వస్తారు. కొందరి ఒళ్ళు పలుకుతుంది, కొందరిది పలకదు. పలకనిదాన్ని పలికించబోతే అది మొండితనం, పనితనం కాదు."

బతూల్ చెంచా కింద పెట్టేసింది. చెప్పేయాలనుకుంది. అంతలో రకియ నీళ్ళలో నాని పగుళ్ళు తేలిన చేతులను ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"రేపు బల్ల దగ్గర నా పని గురించి కూడా చెబుతావా?"

ఆమె గొంతులో అలాంటి సిగ్గూ సంతోషమూ బతూల్ ఎప్పుడూ వినలేదు. మళ్ళీ చెంచా చేతిలోకి తీసుకుంది.

"చెబుతా," అంది.

* * *

గురువారం నుహైలా వేలికి గుడ్డపట్టీతో వచ్చింది. "తలుపు," అని ఉస్తాద్‌కు చెప్పింది. బతూల్ వైపు చూడలేదు.

బతూల్ బల్ల దగ్గరికి వెళ్ళింది. బడి కుళాయి దగ్గర్నుంచి తెచ్చిన గిన్నెను తడి చేసిన మేజా మీద బోర్లించి టప్‌మనిపించింది. జిగురునీళ్ళ గురించి, గాలిబుడగ గురించి చెప్పింది. పదమూడు మంది, తొమ్మిది మంది, నలుగురు, ముగ్గురు అంటూ నల్లబల్ల మీద లెక్క రాసింది. లల్లా యామ్నా సూదిలో దారం సంగతి చెప్పింది. హమ్మామ్‌లో పనిచేసే వాళ్ళమ్మ పేరు కూడా చెప్పింది, పూర్తి పేరు, గట్టిగా. జుబైర్ నవ్వలేదు.

ఉస్తాద్ బెన్నిస్ ఆ అంకెలను వేలితో ఒక్కొక్కటే కూడి చూసుకున్నారు.

"ఇరవై రెండు మంది అంటే చిన్న లెక్కే," అన్నారు. "కానీ నేను ఒక్కరిని కూడా అడగలేదు. మా అమ్మ చెప్పిందే మీకు చెప్పాను. మా అమ్మకు వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది."

చాక్‌పీసు తీసుకుని బల్ల మీద పెద్దక్షరాలతో రాశారు: 'మెటికల గురించి నేను తప్పు చెప్పాను.' కింద సంతకం కూడా పెట్టారు.

తరగతి ఈలలతో, చప్పట్లతో హోరెత్తింది. ఉస్తాద్‌ను ఓడించిన పిల్ల! బతూల్ గుండె గాలిపటంలా లేచింది.

అంతలోనే గదిలో ఆ మూల టప్, ఈ మూల టప్. ఇన్నాళ్ళూ భయపడినవాళ్ళంతా మెటికలు విరుచుకుంటున్నారు. తమవి అయిపోయాక పక్కవాళ్ళ వేళ్ళు పట్టుకున్నారు. జుబైర్ ముందు బెంచీలోని యాసిర్ వేలు అందుకున్నాడు. యాసిర్ బక్కపిల్లాడు.

"ఒరేయ్ నొప్పిరా!" అన్నాడు యాసిర్.

"ఒక్క నిమిషం, ఓర్చుకో," అన్నాడు జుబైర్.

బతూల్ గిరుక్కున అటు తిరిగింది. డాబా మీద తాను అన్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా.

"ఆపు!" అని అరిచింది. "వదులు వాణ్ణి! జుబైర్, వదులు!"

జుబైర్ వదిలేశాడు. "ఏంటే? హాని లేదని ఇప్పుడే కదా చెప్పావు?"

బతూల్ నుహైలా వైపు చూసింది. నుహైలా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు అన్నట్టు.

"నుహైలా వేలు తలుపులో పడలేదు," అంది బతూల్. "నేనే లాగాను. నొప్పి అంది. రెండుసార్లు అంది. ఈరోజు మీ అందరి ముందు గెలవాలని నేను ఆపలేదు. మెలిపెట్టాను."

జుబైర్ ఒక్కసారిగా లేచాడు.

"అంటే ఉస్తాద్ చెప్పిందే నిజం! మెటికలు విరిస్తే హానే! ఉస్తాద్, బల్ల మీది రాత తుడిచెయ్యండి!"

"తుడవక్కర్లేదు!" బతూల్ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. గడ్డం మాత్రం పైకే ఉంది. "అక్కడ రాసింది నిజం. ఎవరి మెటిక వాళ్ళు విరుచుకుంటే ఏమీ కాదు. ఇప్పుడూ అదే అంటాను, రేపూ అదే అంటాను. తప్పు మెటికలది కాదు. నాది."

"మీ అమ్మ మాత్రం అందరివీ..."

"మా అమ్మ మాట ఎత్తకు! ఎవరైనా 'అబ్బా' అంటే మా అమ్మ వదిలేస్తుంది. నేను వదల్లేదు."

ఉస్తాద్ చేతిలోంచి ఆమె చాక్‌పీసు అడిగి తీసుకుంది. ఆయన సంతకం కింద, తన కోడిగీతల దస్తూరీతో రాసింది: 'నొప్పి అన్నా నేను ఆపలేదు.' దాని కింద తనూ సంతకం పెట్టింది.

ఉస్తాద్ రెండు వాక్యాలనూ చదివారు. డస్టర్ ముట్టుకోలేదు.

"ఇవాళంతా ఇవి ఇక్కడే ఉంటాయి," అన్నారు. "రెండూ."

* * *

బడి అయ్యాక బతూల్ ముందు హమ్మామ్‌కు వెళ్ళింది. రకియ అంతా విన్నది. తిట్టలేదు. వీపులు రుద్దే చేతితొడుగు విప్పి పక్కన పెట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, "పద," అంది.

నుహైలా వాళ్ళమ్మ గుమ్మంలోనే అగ్గి మీద గుగ్గిలమైంది. "నిన్న నా ఎదురుగా నిలబడి నోరు మెదపలేదే ఈ పిల్ల! రకియా, హమ్మామ్ చేతులు హమ్మామ్‌లో ఉంచుకోవాలి. పిల్లలకు నేర్పిస్తారా?"

రకియ తల దించుకుంది. ఎవరి ముందూ తల దించని మనిషి. అది చూసి బతూల్ ముందుకొచ్చింది.

"అమ్మ నాకు ఇది నేర్పలేదు పిన్నీ. నేనే చేశాను. నన్ను తిట్టండి. ఎంతసేపైనా తిట్టండి, కదలను."

ఆవిడ తిట్టింది. బతూల్ కదల్లేదు. తిట్లన్నీ అయిపోయాక నలుగురూ కలిసి దవాఖానాకు నడిచారు.

డాక్టర్ నజాత్ ఎక్స్‌రే తీయించింది. వేలును అటూ ఇటూ తాకి చూసింది. "ఎముక బాగానే ఉంది. బెణికింది. పది రోజులు పక్కవేలితో కలిపి పట్టీ వేయాలి, ఈ చేత్తో రాయకూడదు." తర్వాత బతూల్ వైపు తిరిగింది. "ఆ రోజు సగం విని పరుగెత్తావు. మిగతా సగం ఇప్పుడు వింటావా?"

"వింటాను, డాక్టరమ్మా."

"నీ వేలు నువ్వు లాగితే ఎక్కడ ఆపాలో నీకే తెలుస్తుంది. వేరేవాళ్ళ వేలు నీకా సంగతి చెప్పదు. ఆ మనిషి నోటితో చెప్పాలి, నువ్వు వినాలి. చప్పుడుతో పాటు నొప్పి ఉన్నా, వాపు ఉన్నా, కీలు పట్టేసినా నా దగ్గరికి రావాలి. అంతే, అయిపోయింది. ఇక పరుగెత్తొచ్చు."

బతూల్ పరుగెత్తలేదు. పట్టీ ఎలా వేస్తున్నారో చివరిదాకా నిలబడి చూసింది. "రోజూ పొద్దున్నే నేను మారుస్తాను," అంది.

"నువ్వా?" అంది నుహైలా వాళ్ళమ్మ.

"ఆమె వేస్తేనే వేయించుకుంటా," అంది నుహైలా. తర్వాత బతూల్ వైపు చూసి ముక్కు చిట్లించింది. "నోట్సు కూడా నువ్వే రాయాలి. నీ కోడిగీతలతో."

"రాస్తా."

మర్నాడు పొద్దున్నే బతూల్ నుహైలా వాళ్ళ వంటింట్లో ఉంది. బయట ఎముకలు కొరికే చలి. పీట మీద రెండు పుదీనా టీ గ్లాసులు పొగలు కక్కుతున్నాయి. వాళ్ళమ్మ రొట్టెలు కాలుస్తూనే ఒక కన్ను వీళ్ళ మీదే వేసి ఉంచింది.

బతూల్ పాత పట్టీ విప్పింది. మధ్యవేలినీ పక్కవేలినీ కలిపి, కొత్తది చుట్టడం మొదలుపెట్టింది.

"స్..." అంది నుహైలా.

అది మాట కూడా కాదు. బతూల్ చేతులు గాల్లోకి లేచిపోయాయి. పట్టీ సగంలో వేలాడుతోంది.

"ఎక్కడ? గట్టిగా పట్టుకున్నానా?"

"లేదు. నీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయే."

బతూల్ రెండు చేతులతో టీ గ్లాసును చుట్టి పట్టుకుంది. అరచేతులు ఎర్రబడేదాకా అలాగే కూర్చుంది. తర్వాత ఒక్క వేలితో నుహైలా మణికట్టును తాకింది.

"ఇప్పుడు?"

"ఇంకాస్త," అంది నుహైలా.

బతూల్ మళ్ళీ గ్లాసు పట్టుకుంది.